పాతాళపు బండికి పిలుపుపేర్లు

మన ఇండ్లలో బిడ్డకు రెండు పేర్లుండుట వాడుక. బారసాలనాడు బియ్యముపై వ్రాసి, చెవిలో చెప్పి పెట్టిన పేరొకటి. అది బడిపుస్తకమునకును, పెండ్లిపత్రికకును, కడపట ఫించను కాగితమునకును పనికివచ్చును. రెండవది పసితనమున ఎవరో ముద్దుగా పిలువగా నిలిచిపోయిన పిలుపుపేరు. ఇంటిలోను వీధిలోను చెల్లునది ఈ రెండవదే. మేము ముప్పదియారేండ్లు గుమాస్తా పని చేసినవారము. ఆ కాలమంతయు కాగితముపై పూర్తి పేర్లే వ్రాసితిమి. నోట మాత్రము పొట్టి పేర్లే పలికితిమి. మా కచేరీలో ఒక గది తలుపుపై "ఇన్‌వర్డ్ అండ్ అవుట్‌వర్డ్ సెక్షన్" అను బల్ల యుండెడిది. ఆ గదిని టపాలు గది యని తప్ప మరియొక విధముగా పిలిచినవానిని మేము చూడలేదు. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చినదో ఎవరికిని తెలియదు. అయినను బల్లపేరు బల్లమీదనే యుండిపోయినది.

ఈ సంచికకు ఏదైన వ్రాయవలసినదని సంఘమువారడిగినప్పుడు మాకు నగరములలో నేలక్రింద నడచు రైలుబండియు, దానికి జనులు పెట్టుకొనిన పేర్లును తలపునకు వచ్చినవి. తెలుగువారి సంచికలో ఇది యేమి ప్రసక్తి యని చదువరులు తలపవచ్చును. ప్రసక్తి గలదు. తెలుగు రాష్ట్రములు రెండింటను నేలక్రింద నడచు నగరరైలు నేటివరకు లేదు. హైదరాబాదున 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో యావత్తును స్తంభములపై పోవునదే. కాబట్టి నేలక్రింది బండిని నిత్యము ఎక్కి దిగు తెలుగువారెవరనగా, కలకత్తాలోను, ఢిల్లీలోను, బెంగళూరులోను, చెన్నపురిలోను, బొంబాయిలోను కాపురముండు మనవారే. ఆ బండికి తెలుగున ఒక పిలుపుపేరు పుట్టవలెనన్న, అది పుట్టినింట గాక మెట్టినింట పుట్టవలసియున్నది. పండితులు రైలుకు ధూమశకటమని పేరు పెట్టిరి. జనులు రైలు అనిరి. తరువాత బండి పొగ విడుచుట మానినది; పండితుల పేరునకు అర్థము కూడ పోయినది. అందుచేత ఈ పనిని పండితులకు విడువక, ఇతర దేశములలో జనులెట్లు చేసికొనిరో కొంత చూతము.

ఈ కథకు మొదలు లండను నగరము. 1863 జనవరి 10వ తేదీన అచ్చట పాడింగ్టన్ నుండి ఫారింగ్డన్ వీధి వరకు, ఇంచుమించు నాలుగు మైళ్లు, నేలక్రింద రైలు నడచినది. లోకమున అట్టి నగరరైలు అదియే మొదటిది. వీధిని నిలువున త్రవ్వి, పట్టాలు పరచి, ఇటుకల కమానుతో కప్పి, పైన మరల వీధిని వేసిరి. బండిని లాగినది ఆవిరి యంత్రము. పొగ సొరంగమున నిండగా ప్రయాణికులు దగ్గుచు, కన్నులు తుడుచుకొనుచు పోయెడివారు. అయినను మొదటి దినముననే సుమారు 38,000 మంది ఎక్కిరి. ఈ రైలు కావలెనని 1840ల నుండి పోరాడిన చార్లెస్ పియర్సన్ అను న్యాయవాది, బండి కదలుటకు నాలుగు నెలలు ముందుగా, 1862 సెప్టెంబరులో కన్నుమూసెను. పాపము, ఆయన పేరు దేనికిని పెట్టలేదు. కంపెనీవారు తమ రైలుకు పెట్టుకొనిన పేరు మెట్రోపాలిటన్ రైల్వే. అనగా మహానగరపు రైలు.

1868లో మెట్రోపాలిటన్ డిస్ట్రిక్ట్ రైల్వే యను మరియొక కంపెనీ వచ్చినది. సగము పేరు ఒకటే యగుటచే జనులు మొదటిదానిని "మెట్" అనియు, రెండవదానిని "డిస్ట్రిక్ట్" అనియు విడదీసికొనిరి. ఈ రెండు కంపెనీలకు ఎన్నడును పొసగలేదు. తగవులాడుకొను దాయాదులను మనము తూర్పింటివారు, పడమటింటివారు అని చెప్పుకొనునట్లే ఇదియును.

అంతవరకు పేర్లు సామాన్యమైనవే. 1890లో తెరచిన సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే అసలు మార్పును తెచ్చినది. దీనికొరకు వీధులను త్రవ్వలేదు. జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్ అను ఇంజనీరు డాలువంటి ఇనుప యంత్రమును మట్టిలోనికి నెట్టించుచు, దాని వెనుకనే పోతయినుప వలయములను బిగింపించుచు, పది అడుగులకు కొంచెము మించిన వెడల్పుగల గుండ్రని దారిని భూమి లోతున చేయించెను. అంత ఇరుకైన దారిలో పొగబండి నడువదు కావున విద్యుచ్ఛక్తితో నడపిరి. చీకటిలో చూడదగినది ఏమున్నదని పెట్టెలకు సరియైన కిటికీలైన పెట్టక, పైన సన్నని అద్దపుచీలికలు మాత్రముంచి, చుట్టును ఎత్తైన మెత్తలు కుట్టించిరి. ఏ స్టేషను వచ్చినదో బండిలోని నౌకరు కేకవేసి చెప్పవలసినదే. ఆ పెట్టెలలో కూర్చున్న లండనువారికి పిచ్చాసుపత్రిలో రోగులు తలలు కొట్టుకొనకుండ మెత్తలు కుట్టించిన గదులు జ్ఞాపకము వచ్చినవి. వెంటనే వానికి "మెత్తల కొట్లు" అని పేరు పెట్టిరి. కంపెనీవారు సౌఖ్యమునకై చేసిన యేర్పాటు జనుల నోట ఎగతాళియై కూర్చున్నది.

ఇక 1900వ సంవత్సరము. ఆ యేట జూలై 30వ తేదీన సెంట్రల్ లండన్ రైల్వే ప్రజలకొరకు తెరువబడినది. ఇదియును లోతైన ఇనుపగొట్టములోనిదే. దీని విశేషమేమనగా, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినను రెండు పెన్నీలే. ఇంగ్లీషున గొట్టమును "ట్యూబ్" అందురు గదా. పత్రికలవారు దీనికి "టప్పెన్నీ ట్యూబ్", అనగా రెండు పెన్నీల గొట్టము, అని పేరు పెట్టిరి. నగరమంతయు ఆ పేరే మ్రోగినది. ఏడేండ్లు గడచిన పిమ్మట 1907లో కంపెనీవారు దూరప్రయాణములకు మూడు పెన్నీలు చేసిరి. అప్పుడు పేరులోని రెండు పెన్నీలు రాలిపోయినవి, గొట్టము మిగిలినది. ధర మారినప్పుడు మూడు పెన్నీల గొట్టమని ఎవరును సరిదిద్దలేదు. నోటికి బరువైనది వదలినది, తేలికైనది నిలిచినది.

1908లో ఆ కంపెనీలన్నియు కూడబలుకుకొని, అన్ని స్టేషనులకు ఒకే గుర్తుగా "అండర్‌గ్రౌండ్" అను మాటను పెద్ద అక్షరములతో వ్రాయించిరి. మంచి మాటయే, అర్థమును చెప్పును, గంభీరముగా నుండును. నేటికిని స్టేషనుల ముంగిట ఎఱ్ఱని వలయమునకు అడ్డముగా ఆ మాటయే కనబడును. దాని క్రిందినుండి లోనికి పోవుచు లండనువాడు "ట్యూబ్"లో పోవుచున్నాననును. నిజమునకు లోతుగా గొట్టమువలె చేసిన దారులే ట్యూబులు. మెట్రోపాలిటన్, డిస్ట్రిక్ట్ వంటి పాత దారులు వీధి క్రిందనే కప్పువేసినవి గాని గొట్టములు కావు. జనులు ఈ భేదమును పాటింపక అన్నిటికిని ఆ పేరే పెట్టిరి. అంతటితో తీరినదా? ఆ రైలుదారులలో సగముకంటె ఎక్కువ భాగము నేలపైననే, వెలుతురుననే యున్నది. అనగా అండర్‌గ్రౌండ్ అను పేరును సగము అబద్ధమే, ట్యూబ్ అను పేరును సగము అబద్ధమే. రెండబద్ధములలో ఇరుగుపొరుగు నోట పుట్టినదానికే ఎక్కువ ఆయుస్సు గలిగినది. ఇప్పుడు రైలువారే తమ ప్రకటనలలో ట్యూబ్ అని వ్రాసికొనుచున్నారు.

లండనువారి పేర్లలో మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి గలదు. 1906 మార్చిలో తెరచిన ఒక దారికి బేకర్ స్ట్రీట్ అండ్ వాటర్లూ రైల్వే యని పొడుగుపేరుండెను. ఒక పత్రికా రచయిత మొదటి ఊరి తలను, రెండవ ఊరి తోకను కలిపి "బేకర్లూ" అనెను. కొన్ని నెలలకే కంపెనీవారు దానినే అధికారనామముగా స్వీకరించిరి. ఇది వీధిపేరు, గౌరవముగల రైలుసంస్థకు తగదు, అని ఒక రైల్వే మాసపత్రిక ఆక్షేపించినది. ఆక్షేపణ పాతసంచికలలో నున్నది. బేకర్లూ మాత్రము నేటికిని బండిమీద నున్నది. వాటర్లూ నుండి నగరము నడిబొడ్డునకు 1898లో వేసిన మరియొక చిన్నదారిని "డ్రెయిన్", అనగా మురుగుకాలువ, అనుచున్నారు. ప్రతిదినము కచేరీకి పోవు గుమాస్తాలతో క్రిక్కిరిసిన దారి యది. ఆ పేరులోని విసుగు మాకు అర్థమైనట్లు పెద్ద ఉద్యోగులకు అర్థము కాదేమో.

స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరపు కథ ఇంకను చిత్రమైనది. అచ్చట 1896 డిసెంబరులో నగరము చుట్టును వలయముగా తిరుగు రైలును తెరచి, దానికి "సబ్‌వే" యని పేరు పెట్టిరి. మన బెంగళూరు చెన్నపురులలో సబ్‌వే యనగా రోడ్డు దాటుటకు కాలినడకవారు దిగు సొరంగము. లండనువారికిని అంతే. గ్లాస్గోవారికి, న్యూయార్కువారికి అది రైలు. 1936లో గ్లాస్గో అధికారులు లండను పద్ధతిని అనుసరించి "అండర్‌గ్రౌండ్" అని పేరు మార్చిరి. బల్లలు మారినవి. జనులు మారలేదు. తాతలు సబ్‌వే యనిరి, మనుమలును సబ్‌వే యనిరి. అరువదియేడేండ్లు గడచిన పిమ్మట, 2003లో, అధికారులే దిగివచ్చి మరల "సబ్‌వే" అని అధికారముగా వ్రాయించిరి. అదే రైలును 1977 నుండి మూడేండ్లు మూసి బాగుచేసి, నారింజరంగు పెట్టెలతో మరల తెరచినప్పుడు, పత్రికలవారు ఒక నవల పేరును తెచ్చి "క్లాక్‌వర్క్ ఆరెంజ్" అని నామకరణము చేసిరి. చమత్కారమైన పేరే. కాని అది యాత్రికులకొరకు అచ్చువేసిన పుస్తకములలో ఎక్కువగాను, ఆ ఊరివారి నోట తక్కువగాను వినవచ్చునట. పిలుపుపేరు పైనుండి దిగినను, ప్రక్కనుండి వచ్చినను నిలువదు కాబోలు.

ఇప్పుడు మనమందరము పలుకు "మెట్రో" అను మాట ఎట్లు వచ్చినదో చెప్పవలసియున్నది. 1900 జూలై 19వ తేదీన పారిస్ నగరమున నేలక్రింది రైలు ప్రారంభమైనది. లండనువారి మొదటి కంపెనీ పేరును తలపించునట్లు దానికి "మెట్రోపాలిటన్ ఇనుపదారి" యని అర్థము వచ్చు ఫ్రెంచి పేరు పెట్టిరి. హెక్టర్ గీమార్ అను శిల్పి తీగలు పెనగొనినట్లు పోతపోయించిన ఇనుపద్వారములపై ఆ పేరు పూర్తిగా వ్రాయబడినది. పారిస్ జనులకు అంత తీరిక లేదు. తల మాత్రముంచి తోకను కోసివేసి "మెట్రో" అనిరి. ఆ కోసిన ముక్కయే లోకమంతయు తిరిగినది. 1935లో మాస్కోవారు దానినే పెట్టుకొనిరి. మన దేశమునకును అదియే వచ్చినది. ఫ్రెంచి పాలనమును 1954 వరకు ఎరిగిన యానాము సోదరులు ఈ మాటను మనకంటె చక్కగా పలుకగలరు.

ఆ ముక్కకు అర్థమేమి? గ్రీకు భాషలో "మీటర్" అనగా తల్లి. "పోలిస్" అనగా పట్టణము. మెట్రోపోలిస్ అనగా తల్లిపట్టణము. పూర్వము గ్రీకులు సముద్రములు దాటి పోయి దూరదేశములలో కాపురములు పెట్టినప్పుడు, తాము బయలుదేరి వచ్చిన ఊరిని ఆ పేరుతో తలంచుకొనెడివారు. మన సంస్కృతమందలి "మాతృ" శబ్దమును, ఆ గ్రీకు మాటయు ఒక తల్లి బిడ్డలే యని భాషావేత్తలు చెప్పుదురు. అనగా జనులు పట్టణమును కోసివేసి తల్లిని మాత్రముంచుకొనిరి! విడిచివచ్చిన ఊరివారు పలికిన మాట యని తెలిసిన దినమున మాకు ఆ బండిపై ఒక విధమైన బంధుప్రీతి కలిగినది.

మన దేశమున మొదటి భూగర్భరైలు కలకత్తాది. 1972 డిసెంబరు 29వ తేదీన ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేయగా, పండ్రెండేండ్లకు, 1984 అక్టోబరు 24వ తేదీన ఎస్ప్లనేడ్ నుండి భవానీపూర్ వరకు బండి నడచినది. మూడున్నర కిలోమీటర్లకు లోపు, స్టేషను లైదు. బల్లమీది పేరు "మెట్రో రైల్వే". వంగదేశీయులు పెట్టుకొనిన పేరు "పాతాల్ రేల్". పండ్రెండేండ్లు వీధులు త్రవ్వి, బురదలో నడిపించి, పిదప ఇచ్చిన బండికి అంతకంటె తగిన పేరేమున్నది?

మేము 1985 జనవరిలో ఆ బండి ఎక్కితిమి. మా మేనమామగారు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేయుచుండిరి. ఆ ఊర తెలుగువారి యిండ్లెన్నియో గలవని చదువరులెరుగుదురు. ఆయన మమ్ము కలకత్తాకు తీసికొని పోవుచు, మా అత్తగారిని కూడ రమ్మని బ్రతిమాలెను. ఆమె "బతికుండగానే పాతాళానికి నేనెందుకు? మీరు పోయి రండి" అని గుమ్మములోనే నిలిచిపోయెను. ఆమె భయమునకు కారణము బండి గాదు, పేరు. మెట్రో యని చెప్పియుండిన వచ్చియుండెడిదే. మన పురాణములలో అతల వితల సుతలాదులు దాటి ఏడవ లోకము పాతాళము. ఎస్ప్లనేడులో మెట్లు దిగిన మేము ఆ లెక్కన అతలమునకైన చేరియుండము. ఆ దారి చాలవరకు వీధిని త్రవ్వి కప్పినదే. అయినను ఆ మాట మాకు పరాయిది గాకపోవుట గమనించితిమి. బావిలో పడిన బొక్కెనను తీయు కొక్కెములగుత్తిని మనము పాతాళగరిగె యందుము గదా. వంగభాషలో వారు పిలుచుకొనిన పేరు మన పెరటి బావిలోనే యున్నది. తిరిగి వచ్చిన పిదప మామగారు "పాతాళంలో ఫ్యానులు తిరుగుతున్నాయే, దీపాలున్నాయే" అని పదిసార్లు చెప్పినను అత్తగారు నమ్మలేదు.

ఆ రైలు దండం నుండి టాలీగంజ్ వరకు పూర్తి యగుటకు 1995 వచ్చినది. తరువాత కొన్ని స్టేషనులకు మహనీయుల పేర్లు పెట్టిరి. టాలీగంజ్ 2009లో మహానాయక్ ఉత్తమ్‌కుమార్ అయినది. 2024 మార్చిలో హుగ్లీనది అడుగున కూడ బండి నడచినది. నదిక్రిందికి పోయిన బండికి ఆ మాట ఇప్పుడే సరిగా అమరినది.

చెన్నపురిలో 2015 జూన్‌లో మెట్రో వచ్చినది. నేలక్రింది భాగము 2017 మేలో తెరచిరి. అచ్చట ఒక చిక్కు వచ్చినది. ఆ ఊరివారికి అంతకు పూర్వము ఎన్నో యేండ్లుగా మెట్రో యనగా నీళ్లు. నీటిసరఫరా సంస్థను మెట్రోవాటర్ అందురు. వేసవిలో బిందెలు వరుసపెట్టి ఎదురుచూచునది ఆ లారీకొరకే. "మెట్రో వచ్చిందా?" అని మా చూళై బంధువులు అడిగిన, అది రైలో నీళ్లో బిందెను చూచి తెలిసికొనవలెను. 1995లో స్తంభములపై నడచిన పాత బండికి మాత్రము తమిళులు "పఱక్కుం రయిల్", ఎగిరే రైలు, అని ఎంత చక్కని పేరు పెట్టుకొనిరి! నేలక్రిందిదానికి అంతటి పేరు ఇంకను కుదురలేదు. మరాఠీవారు సొరంగమును భుయార్ అందురు కావున 2024 అక్టోబరున బొంబాయిలో తెరచిన భూగర్భమార్గమునకు "భుయారీ మెట్రో" అని వాడుకచేసిరి. ఆ దారిలోని గ్రాంట్ రోడ్ స్టేషనునకు చేరువనే కామాటిపుర యున్నది. హైదరాబాదు సీమనుండి పోయి ఆ మహానగరపు కట్టడములకు మట్టిమోసిన తెలుగు కామాటీల వలన వచ్చిన పేరది. పేదలు తమ పేరును ఊరికి పెట్టిపోయిరి. ఆ పేటకు తరువాత వచ్చిన అపకీర్తిలో వారి పాలు లేదు.

ఇక మా బెంగళూరు. 2011 అక్టోబరు 20వ తేదీన బయ్యప్పనహళ్లి నుండి మహాత్మాగాంధి రోడ్డు వరకు స్తంభములపై తొలి బండి నడచినది. 2016 ఏప్రిల్ ఆఖరున కబ్బన్ పార్కు నుండి పడమరకు నేలక్రింది దారి తెరచిరి. దక్షిణదేశమున భూగర్భ మెట్రో అదియే మొదటిది. దీనికి పేరు పెట్టుటలో అధికారులు తెలివిగా నడచిరి. జనులు పిలుపుపేరు పెట్టులోపల తామే పెట్టిరి: "నమ్మ మెట్రో". నమ్మ యనగా కన్నడమున మనదియు, మాదియును.

ఇక్కడనే ఒక సూక్ష్మమున్నది. తెలుగున "మా" వేరు, "మన" వేరు. మా ఇల్లు అన్నప్పుడు వినువాడు బయటివాడు. మన ఇల్లు అన్నప్పుడు వాడును లోపలివాడే. తమిళమునను ఇట్టి భేదము గలదు. నేటి కన్నడమున లేదు; రెండింటికిని "నమ్మ" యే. కాబట్టి కన్నడిగుడు "నమ్మ మెట్రో" అన్నప్పుడు మా మెట్రో అనుచున్నాడో, మన మెట్రో అనుచున్నాడో మాటనుబట్టి తెలియదు. ఒక సంవత్సరము ఉగాది సంచికలో ఒక మిత్రుడు దానిని "మా మెట్రో" అని తెనిగించెను. అచ్చుకు పోవుటకు ముందు ప్రూఫులు దిద్దుచున్న మేము "మా"ను కొట్టివేసి "మన" యని వ్రాసితిమి. ఆయన కోపగించుకొనెను, వారము దినములు మాతో మాటలాడలేదు.

మేము దిద్దుటకు ఆధారము గలదు. 2012లో ఒకనాడు బండిలో మా ఇంటివారితో తెలుగున మాటలాడుచుండగా, ఎదుట కూర్చున్న వృద్ధుడొకడు "నిమ్మ ఊరు యావుదు?" అని అడిగెను. మీ ఊరేది యని. "ఇదే ఊరు" అంటిమి. ఆయన నవ్వి, "స్వంత ఊరు?" అనెను. మా ముత్తాతగారు పెనుకొండ సీమనుండి వచ్చి ఈ ఊర స్థిరపడిరి. మా తాతగారు, మా తండ్రిగారు ఇచ్చటనే పుట్టి ఇచ్చటనే పోయిరి. ఈ ప్రశ్న మాకు పసితనమునుండి అలవాటే. అయినను ఆనాడు ఏలనో గుండెలో కలుక్కుమన్నది. "అదూ ఇదే" అంటిమి. ఆయన మమ్ము ఒక క్షణము పారజూచి, "హాగాదరె నమ్మవరే బిడి" అనెను. అట్లయిన మనవారే లెండి యని. ఆయన మాటలోని "నమ్మ" ఏదియో మాకు సందేహము కలుగలేదు. "మావారే" యని అర్థము చేసికొనిన, మమ్ము తమలో చేర్చుకొనెనని యగును. "మనవారే" యని అర్థము చేసికొనిన, చేర్చుకొనవలసిన పనియే లేదని యగును. మేము రెండవదానిని గైకొంటిమి.

2017లో బెంగళూరు మెట్రో బోర్డులపై కన్నడముతోను ఇంగ్లీషుతోను హిందీ కూడ ఏల యని ఊరిలో ఆందోళన లేచి, ఆ యేటనే హిందీ అక్షరములు తొలగినవి. అప్పుడు మన సంఘపు సమావేశమున ఒక యువకుడు, తెలుగువారమింతమందిమి ఉండగా తెలుగు బోర్డులేల అడుగరాదనెను. మేము వలదంటిమి. నూరేండ్లుగా ఈ ఊరిలో ఏ బోర్డునను తెలుగు లేకయే మన తెలుగు మన ఇండ్లలో నిలిచినది. అది నిలువకపోవుచున్న ఇండ్లలో బోర్డు వచ్చినను నిలువదు. ఆ యువకుడు మాతో ఏకీభవింపలేదు. ఇది మా అభిప్రాయము మాత్రమే.

ఊరిలోపలి స్టేషనులకు అధికారులు పూర్వపురుషులను స్మరించి పొడుగుపేర్లు పెట్టిరి. రెండు దారులు కలియు పెద్ద స్టేషను నాడప్రభు కెంపేగౌడ స్టేషను. ఊరు కట్టించినవాడు గదా, తగిన గౌరవమే. జనులకు అది "మెజెస్టిక్". ఒకప్పుడచ్చట ఆ పేరుతో సినిమాహాలుండెను. హాలు పోయినది. దానికి చేరువనున్న ధర్మాంబుధి చెరువు అంతకుముందే ఎండి బస్సుల నిలయమైనది. చెరువు పేరు మరచిరి, రాజు పేరు బల్లమీద నున్నది. లేని సినిమాహాలు పేరు లక్షలమంది నోట నున్నది. మరియొక స్టేషను పేరు సర్ ఎం. విశ్వేశ్వరయ్య స్టేషను. ఆ "ఎం" అనునది మోక్షగుండము. ఆంధ్రదేశపు గ్రామము, ఆయన పూర్వుల ఊరు. ముద్దేనహళ్లిలో పుట్టి మైసూరు దివానై, మూసీ వరదల పిదప హైదరాబాదునకును ఉపకారము చేసిన ఆ మహనీయుడు తెలుగింటి బిడ్డయే. బండిలో "ముందిన నిల్దాణ" యని ఆ పేరు ప్రకటించినప్పుడెల్ల, ఆ యొక్క అక్షరములో ఒక తెలుగు ఊరు ముడుచుకొని కూర్చున్నదని మాకు తోచును.

మా యింటి పేరు చెప్పి విరమింతుము. నేలక్రింది దారి తెరచిన నెలలో మా తల్లిగారిని, అప్పటికి ఎనుబదిరెండేండ్లు, విధానసౌధ చూపుదమని తీసికొనిపోతిమి. కబ్బన్ పార్కు దగ్గర బండి వెలుతురు విడిచి చీకటిలోనికి దూరగనే ఆమె మా చేయి పట్టుకొని, "ఇదేంది నాయనా, ఎలిక కలుగులో దూరినట్లుంది" అనెను. ప్రక్కనున్న మనుమడు ఫక్కున నవ్వెను. వానికి కలుగు అను మాట తెలియదు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము. ఇంట తెలుగు మాటలాడును గాని చదువలేడు. "కలుగంటే ఏంది, పెద్దజేజీ?" అని అడిగెను. ఆమె దారిపొడవునను ఎలుక కలుగు, పాము పుట్ట, ఎండ్రకాయ బొక్క యని వివరించెను. చూచి రావలసిన విధానసౌధ వెనుకబడినది. ఆనాటినుండి మా యింట అది కలుగుబండి. పైన పోవునది బండి, లోపల పోవునది కలుగుబండి. మా కోడలు చిత్తూరువారి ఆడపడుచు. ఆమెయు అదే యనును. మా వీధిలో ఇద్దరు ముగ్గురు కన్నడపు పిల్లలు కూడ మా మనుమనివలన నేర్చుకొని అట్లే పిలుచుచున్నారు.

మా తల్లిగారు 2019లో గతించిరి. మనుమడు ఇప్పుడు కాలేజీకి ఆ బండిలోనే పోవుచున్నాడు. ఉదయమున స్టేషనునుండి ఫోను చేయును. నేలక్రింద మాట అందదు కావున ముందుగనే చెప్పును: "తాతా, కలుగులోకి దిగుతున్నా. మళ్లీ పైకొచ్చినాక మాట్లాడతా."